కమిటీలో ఒక ఏడాది: పూర్తయినవి, మిగిలిపోయినవి, వచ్చేవారికి అప్పగించేవి

ఏటిగట్టు (అమలాపురం) · శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మన రిస్క్ మేనేజ్‌మెంట్ నిపుణుల సంఘంలో గోదావరి జిల్లాల శిక్షణ కమిటీ కన్వీనర్‌గా నా ఏడాది మార్చి నెలాఖరుతో ముగిసింది. వార్షిక నివేదిక పంపించాను. ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చయింది అన్నవి అందులో ఉన్నాయి. అక్కడ పట్టని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఈ పని తీసుకోబోయేవారికి ఇవే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

నిరుడు ఏప్రిల్‌లో ఏడుగురం మొదలుపెట్టాము. బ్యాంకుల నుంచి ఇద్దరు, ఇద్దరు ఆడిటర్లు, ఒక బీమా సర్వేయరు, రొయ్యల శుద్ధి కర్మాగారంలో పనిచేసేవారు ఒకరు, నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఇంజనీరు ఒకరు. జీతభత్యాలు లేవు, దారి ఖర్చులు ఎవరివి వారివే. మొదటి సమావేశంలో ఉత్సాహంగా పన్నెండు పనులు రాసుకున్నాము. పన్నెండింటి ఎదురుగానూ "బాధ్యత: కమిటీ" అని ఉంది. ఆగస్టు వచ్చేసరికి రెండే కదిలాయి. ఎందుకని చూస్తే, సమావేశంలో ఎవరో ఒకరు "ఇది నేను చూసుకుంటాను" అని నోరు తెరిచి చెప్పిన పనులు ఆ రెండే. ఆ రోజే జాబితా తిరగరాశాము. ఎనిమిది పనులు కొట్టేసి, మిగిలిన నాలుగింటికీ ఒక్కొక్క మనిషి పేరు, ఒక్కొక్క తేదీ పెట్టాము. నాలుగింటిలో మూడు పూర్తయ్యాయి.

వాటిలో నాకు బాగా గుర్తుండిపోయేది కొత్తపేట వైపు గట్టు పక్కనున్న ఒక రైసు మిల్లు పని. మిల్లు యజమాని అడిగితే ముగ్గురం వెళ్లి ముప్పుల రిజిస్టరు, అంటే ఏ ముప్పులు రావచ్చు, వస్తే ఏం చేయాలి అన్న పట్టిక, రాసి పెట్టాము. వరద వస్తే గేటు దగ్గర ఇసుక బస్తాలు వేయాలని రాశాము. వరండాలో కూర్చుని అది చదివి వినిపిస్తుంటే మిల్లు కాపలాదారు గుమ్మం పక్కన నిలబడి చివరిదాకా విన్నాడు. తరువాత మమ్మల్ని గిడ్డంగి వెనక్కు తీసుకువెళ్లాడు. అక్కడ గోడ అడుగున మురుగు కాలువలోకి పోయే సిమెంటు గొట్టం ఉంది. దాని పైన గోడకు మోకాలెత్తున మట్టి చార. "నీళ్లు గేటులోంచి రావండి. కాలువ నిండితే ఇందులోంచి వెనక్కు తంతాయి. ముందు అడుగు వరస బస్తాలు తడుస్తాయి. మనం గేటు దగ్గర ఉంటాం, ఇక్కడ తడుస్తూ ఉంటుంది" అన్నాడు. మా ముగ్గురి అనుభవం కలిపితే యాభై ఏళ్లు దాటుతుంది. అందులో ఏ ఒక్కరమూ గిడ్డంగి వెనక్కు వెళ్లి చూడలేదు.

ఆ గొట్టానికి పాత ట్యూబు రబ్బరు అంటించిన చెక్క మూత చేయించారు. మేము ఒక పేజీ కాగితం రాసి గోడకు అంటించాము. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 11.75 అడుగులు వస్తే ఖాతా పుస్తకాలు, రుణపత్రాలు మేడ మీదికి చేర్చాలి. రెండోది, 13.75 అడుగులు వస్తే అడుగు వరస బస్తాలు ఎత్తాలి. మూడోది, 17.75 అడుగులు వస్తే సరుకు సంగతి వదిలేసి మనుషులను పంపించేయాలి. ప్రతి పనికీ ఎదురుగా ఒక మనిషి పేరు.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా కాగితంలో ఉన్నదంతా నది హెచ్చరికల గురించే. ఆ రాత్రి వచ్చింది వాన నీరు, గాలి. కాగితం ప్రకారం ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. సాయంత్రమే మూత బిగించింది కాపలాదారు, తనకు తోచి. బస్తాలు తడవలేదు. మా కాగితం పనిచేయలేదు, అతని తెలివి పనిచేసింది. నివేదికలో "విజయవంతం" అని రాసిన చోట ఈ వాక్యం కూడా ఉండాలి.

చేయలేకపోయినది ఒకటి ఉంది. తృటిలో తప్పిన ప్రమాదాల గురించి సభ్యులు తమ అనుభవాలు చెప్పుకునే సభ పెట్టాలని సెప్టెంబరులో ప్రయత్నించాము. నలుగురు వచ్చారు. ముగ్గురు వినడానికి వచ్చామన్నారు. అది నిలబడలేదు. ఎలా నిలబెట్టాలో తెలిసినవారు చెప్పండి.

---

లెక్కల పుస్తకం (హైదరాబాద్, సొంతూరు తణుకు) · శనివారం రాత్రి 10:25

ఏటిగట్టు గారూ, మీ శ్రమ పట్ల నాకు గౌరవం ఉంది. అయినా ఒక మాట సూటిగా చెప్పాలి. మనది వృత్తి సంఘం. సభ్యుల చందాతో నడుస్తుంది. రైసు మిల్లు గొట్టానికి మూత చేయించడం మన పని అవునా అని అడుగుతున్నాను.

స్టాక్ ఎక్స్ఛేంజీల్లో నమోదైన వాటిలో విలువను బట్టి మొదటి 1000 కంపెనీలకు రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ తప్పనిసరి అని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021లో నిబంధన మార్చింది. అంతకు ముందు అది 500 కంపెనీలకే ఉండేది. అంటే చదువుకున్న మనుషుల అవసరం పెరిగింది. మన జిల్లాల పిల్లలు ఈ ఉద్యోగాలకు హైదరాబాద్ వస్తున్నారు, ముఖాముఖిలో రిస్క్ మేనేజ్‌మెంట్‌కు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 31000 గురించి అడిగితే తడబడుతున్నారు. నేను స్వయంగా చూస్తున్నాను. శిక్షణ కమిటీ పేరులోనే శిక్షణ ఉంది. మీరు కొట్టేసిన ఎనిమిది పనుల్లో పరీక్షల తరగతులు ఉన్నాయా?

---

ఏటిగట్టు (అమలాపురం) · శనివారం రాత్రి 10:50

ఉన్నాయండీ. చెప్పేవారు దొరక్క కొట్టేశాము. ఇది మీరు అడగవలసిన ప్రశ్నే.

---

సర్వేయరు (కాకినాడ) · ఆదివారం ఉదయం 6:30

నేను ఆ కమిటీలో ఉన్న సర్వేయరునే. మిల్లు పనికి నేను వెళ్లలేదు, అందుకని నా ప్రశ్న ఆ ముగ్గురికీ: మిల్లు బీమా పత్రం తెరిచి చూశారా?

తుపాను తరువాత పదిరోజులు నేను గిడ్డంగులలోనే గడిపాను. ప్రతి రెండో చోటా ఒకటే కథ. ఉదాహరణ చెబుతాను. గిడ్డంగిలో సరుకు 80 లక్షలది. బీమా చేయించింది 40 లక్షలకు, ప్రీమియం తగ్గుతుందని. నష్టం 20 లక్షలు. యజమాని లెక్కలో 40 లక్షల లోపు నష్టం కాబట్టి 20 లక్షలూ వస్తాయి. పత్రం లెక్కలో సరుకులో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే, 10 లక్షలు. మేము దీన్ని యావరేజి అంటాము. ఈ మాట యజమానికి నా నోట మొదటిసారి వినపడేది తడిసిన బస్తాల మధ్య నిలబడినప్పుడు. ఆ ముఖం చూడడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ వచ్చింది. ఒక చోట ఆస్తి మొత్తం విలువ 5 కోట్లకు మించని వారికి అది. అందులో విలువ 15 శాతం వరకు తక్కువగా చూపినా కోత వేయరు. అది దాటితే పాత లెక్కే. కోతలు అయి ధాన్యం గిడ్డంగికి చేరే నెలల్లో సరుకు విలువ ఒక్కసారిగా పెరుగుతుంది, బీమా మొత్తం మాత్రం వేసవిలో రాసిందే ఉంటుంది. గోడకు అంటించిన కాగితంలో ఒక వరస పెంచండి: నవంబరు మొదటి వారంలో బీమా మొత్తం సరిచూడాలి. ఎదురుగా గుమాస్తా పేరు రాయండి.

లెక్కల పుస్తకం గారికి: పరీక్షలో ఈ లెక్క మన పిల్లలు సరిగానే చేస్తారు. గిడ్డంగిలో యజమానికి అర్థమయ్యేలా చెప్పగలరా అన్నదే నా ఆలోచన.

---

చెరువుగట్టు (భీమవరం) · ఆదివారం ఉదయం 8:05

సెప్టెంబరు సభకు వచ్చిన నలుగురిలో నేను ఒకడిని. ఆ రోజు చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు చెబుతాను, ఊరూ పేరూ లేకుండా.

రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళ నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే, రొయ్య పిల్లలు ఎక్కువ వేసిన చెరువు గంటల్లో పోతుంది. అందుకని నాకు తెలిసిన ఒక రైతు రెండు జనరేటర్లు పెట్టుకున్నాడు. ఒకటి చెడిపోతే ఇంకొకటి. మా రిజిస్టరులో దానికి ఆకుపచ్చ రంగు, అంటే ముప్పు తక్కువ అని, వేశాము. ఆ సభకు ముందు వచ్చిన ఒక తుపానుకు కరెంటు పోయింది. రెండు జనరేటర్లూ బాగానే ఉన్నాయి. డీజిల్ అయిపోయింది. ఊరిలో ఉన్న బంకు ఒకటే, బంకులో పంపు తిరగాలన్నా కరెంటు కావాలి. రెండు యంత్రాలున్నా ఆధారం ఒకటే. ఆ రాత్రి పక్క ఊరి ట్రాక్టరు ట్యాంకులోంచి గొట్టం పెట్టి డీజిల్ తీసి తెల్లవారేదాకా నెట్టుకొచ్చారు. చెరువు దక్కింది. దక్కింది కాబట్టే దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

నష్టం జరిగితే కాగితాలుంటాయి, బీమా ఉంటుంది, విచారణ ఉంటుంది. తృటిలో తప్పితే తెల్లారేసరికి మరిచిపోతాము. ఏటిగట్టు గారూ, ఆ సభను వదిలేయవద్దు.

---

నాలుగో కౌంటరు (నరసాపురం) · ఆదివారం ఉదయం 9:40

సభకు రానివారి తరఫున ఒకటి చెప్పనివ్వండి. నేను బ్యాంకు ఉద్యోగిని. మా శాఖలో జరిగిన పొరపాటు బయట చెబితే అది నా ఉద్యోగం మీదికి వస్తుంది. సభలో ఇరవై మంది ఉంటే అందులో ఇద్దరు మా పై అధికారులకు స్నేహితులు. నరసాపురం, భీమవరం, పాలకొల్లులో బ్యాంకు పేరు చెప్పకపోయినా ఊరు చెబితే చాలు, ఎవరో తెలిసిపోతుంది. సభ్యులకు ఆసక్తి లేదని మాత్రం అనుకోవద్దు.

నా సూచన: చీటీలు. ఏం జరగబోయింది, దేని వల్ల ఆగింది, ఈ రెండే వాక్యాలు. సంస్థ, ఊరు, తేదీ, డబ్బు మొత్తం రాయకూడదు. కమిటీలో ఒకరు అన్నీ కలిపి తిరగరాసి చదవాలి. రాసినవారు ఎదురుగా కూర్చుని ఉన్నా ఎవరికీ తెలియకూడదు.

---

ధవళేశ్వరం లాకులు (రాజమహేంద్రవరం) · ఆదివారం మధ్యాహ్నం 12:15

కమిటీలోని విశ్రాంత ఇంజనీరును. కాగితం మోంథా రాత్రి ఎందుకు పనిచేయలేదో చెప్పవలసిన బాధ్యత నాది, ఆ నీటిమట్టాలు సూచించింది నేనే కాబట్టి.

ధవళేశ్వరం హెచ్చరికలు బ్యారేజీ దగ్గర నదిలో నీటికి సంబంధించినవి. మొదటిది దాదాపు 10 లక్షల క్యూసెక్కులు, రెండోది 13, మూడోది 17 లక్షలు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు ఇచ్చే హెచ్చరికలు వినపడితే మనకు ఇంచుమించు ఒక రోజు వ్యవధి దొరుకుతుంది. నది వరదకు ఇంత మంచి ముందస్తు సూచన ఉండడం మన అదృష్టం. డెల్టాలో కురిసిన వానకు మాత్రం ఈ సూచన పనికిరాదు. పొలాల నీరు మురుగు కాలువల గుండా సముద్రానికి చేరాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు సముద్రం ఆ నీటిని తీసుకోదు. నది నిండుగా ఉన్నా తీసుకోదు. అప్పుడు కాలువ ఎగదన్నుతుంది. కాపలాదారు చెప్పింది ఇదే. నేను ముప్పై ఏళ్లు ఈ మాటను నివేదికల్లో రాసినవాడిని, మిల్లులో ఆ రోజు నాకు తట్టలేదు.

అందుచేత కాగితానికి రెండో భాగం కావాలి. మిల్లు వెనక మురుగు కాలువ వంతెన స్తంభానికి రంగుతో మూడు గీతలు గీయాలి. గోడ మీది కాగితం పక్కన తిథుల పట్టిక అంటించాలి. గీత దాటితే మూత. దీనికి ధవళేశ్వరం వైపు చూడనక్కర్లేదు.

ఇంకొకటి, రంగుల పట్టిక గురించి. మనం రిజిస్టరులో జరిగే అవకాశానికి 1 నుంచి 5, తీవ్రతకు 1 నుంచి 5 వేసి గుణిస్తాము. రోజూ పోయే కరెంటుకు అవకాశం 5, తీవ్రత 1, గుణిస్తే 5. 1986 ఆగస్టు 16న వచ్చిన వరద, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినది, దానికి అవకాశం 1, తీవ్రత 5, గుణిస్తే అదీ 5. రెండూ ఒకే రంగులో పడతాయి. 1986లో నేను గట్టు మీద ఉన్నాను. ఆ రెండింటినీ ఒకే రంగులో చూస్తే నాకు నిద్రపట్టదు. తీవ్రత 5 ఉన్నవాటిని గుణకారంతో పని లేకుండా విడిగా ఒక పేజీలో రాయమని వచ్చే కమిటీని వేడుకుంటున్నాను. 1996 నవంబరు 6 తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమ కొబ్బరిని నేలకూల్చింది. 2006 వరదకు గట్లు తెగాయి. ఇవన్నీ ఒక మనిషి ఉద్యోగకాలంలో జరిగినవి. "అవకాశం 1" అని వేసేటప్పుడు చేయి వణకాలి.

---

రావులపాలెం బస్సు · ఆదివారం సాయంత్రం 4:30

కిందటి ఏడాది చేరిన సభ్యురాలిని. మూడు సమావేశాలకు మినిట్స్ రాశాను, అంతకు మించి ఏమీ చేయలేకపోయాను. ఎందుకో చెప్పాలి. మొదటి ఆరు నెలలు సమావేశాలు రాజమహేంద్రవరంలో రాత్రి ఏడున్నరకు పెట్టారు. తొమ్మిదింటికి ముగిస్తే నాకు ఇంటికి వెళ్లే బస్సు దొరకదు. రెండుసార్లు మధ్యలో లేచి వెళ్లిపోయాను. పనులు పంచుకునేది చివరి అరగంటలో కాబట్టి నా పేరు ఏ పని ఎదురుగానూ పడలేదు. అక్టోబరు నుంచి ఆదివారం ఉదయానికి మార్చారు, అప్పటి నుంచి ఇంకో ఇద్దరు మహిళలు కూడా వస్తున్నారు. దయచేసి దీన్ని మళ్లీ రాత్రికి మార్చవద్దు.

లెక్కల పుస్తకం గారూ, నేను పరీక్ష ఈ మధ్యే రాశాను. ఐఎస్‌ఓ 31000 2018 ప్రతిలో రిస్కు అంటే లక్ష్యాల మీద అనిశ్చితి చూపే ప్రభావం అని బట్టీ పట్టాను. సంబంధమున్న వారందరితో సంప్రదింపులు మొదటి నుంచి చివరిదాకా జరగాలని అందులోనే ఉంది. అది నాకు రెండు మార్కుల ప్రశ్న. ఏటిగట్టు గారు మిల్లు సంగతి చెప్పిన రోజున దాని అర్థం తెలిసింది. తరగతి, మిల్లు వేరువేరు పనులని నాకు అనిపించడం లేదు.

---

లెక్కల పుస్తకం (హైదరాబాద్, సొంతూరు తణుకు) · ఆదివారం సాయంత్రం 6:10

ఇంజనీరు గారి గుణకారం మాట నన్ను పట్టుకుంది. మా కార్యాలయంలో అదే పట్టిక వాడుతున్నాము. రేపు తెరిచి చూస్తాను.

నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కమిటీ ఏడాదికి ఒకటో రెండో మిల్లులు చూడగలదు, జిల్లాలో వందలు ఉన్నాయి. అందరికీ మూతలు చేయించలేము. ఆ మిల్లును పాఠంగా మార్చి పదిమందికి నేర్పితే, వారు పది మిల్లులు చూస్తారు. అది శిక్షణ. "చెప్పేవారు దొరక్క" అన్నారు కదా. నెలకు రెండు ఆదివారాలు ఫోనులో తరగతి నేను తీసుకుంటాను, జూన్ నుంచి నవంబరు దాకా. నా పేరు రాసుకోండి. మొదటి పాఠం సర్వేయరు గారి 80 లక్షల లెక్క.

---

పంటు రేవు (సఖినేటిపల్లి) · ఆదివారం రాత్రి 8:20

మీ సంఘంలో సభ్యుడిని కాను. చదువుతూ వచ్చాను. మిల్లులూ చెరువులూ సరే, రోజూ పంటు, అంటే నది దాటించే పడవ, ఎక్కి నరసాపురం వెళ్లే మాలాంటివారి సంగతి ఎవరి రిజిస్టరులో ఉంది? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తరువాత కొన్నాళ్లు అందరూ లైఫ్ జాకెట్ల గురించి మాట్లాడారు. లంకల్లో పిల్లలు నాటు పడవ మీద బడికి వెళ్లడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. తప్పు పడుతున్నానని అనుకోవద్దు, నిజంగా అడుగుతున్నాను.

---

ఏటిగట్టు (అమలాపురం) · ఆదివారం రాత్రి 9:45

పంటు రేవు గారూ, మా రిజిస్టరులో లేదు. రేవుల అనుమతులు, తనిఖీలు ప్రభుత్వ శాఖలవి, అక్కడ మా మాటకు అధికారం లేదు. అయినా రేవులో రోజూ చూసేవారు మీరు. ఏ వేళ ఎక్కువమంది ఎక్కుతారు, జాకెట్లు ఎక్కడ పెడతారు, ఒడ్డున తాడు ఉందా అన్నది వారం రోజులు గమనించి రాస్తారా? అది చేతిలో ఉంటే అడగవలసిన చోట అడగవచ్చు. వచ్చే కమిటీ దీన్ని తీసుకుంటుందని నేను మాట ఇవ్వలేను, నా పదవి ముగిసింది. సభ్యుడిగా నేను మీతో వస్తాను.

మిగిలినవారికి: సర్వేయరు గారూ, బీమా పత్రం చూడలేదు. ఆ పని ఈ వారం చేస్తాను. చీటీల పద్ధతి నాకు నచ్చింది. చెరువుగట్టు గారి డీజిల్ సంగతి మొదటి చీటీగా పెట్టవచ్చా? ఆ చీటీలు తిరగరాసే మనిషి కావాలి. అన్ని సంస్థల రహస్యాలూ ఒకరి చేతికి వస్తాయి కాబట్టి ఆ పని బ్యాంకు, బీమా, కర్మాగారం వీటిలో దేనికీ చెందనివారు చేస్తే మంచిది.

---

చెరువుగట్టు (భీమవరం) · ఆదివారం రాత్రి 10:00

పెట్టండి. రైతును అడిగాను, సరే అన్నాడు.

---

రావులపాలెం బస్సు · సోమవారం ఉదయం 7:15

చీటీలు నేను తిరగరాస్తాను. నేను ఒక కళాశాలలో వాణిజ్య శాస్త్రం చెబుతాను, మీ ఏ సంస్థతోనూ నాకు సంబంధం లేదు. మొదటి సభ జూన్ రెండో ఆదివారం ఉదయం పదింటికి, మా కళాశాల గదిలో. గది అడిగి ఉంచాను.

ఇంజనీరు గారూ, వంతెన స్తంభానికి గీతలు ఏ ఎత్తున గీయాలో మీరు వచ్చి చూపించాలి. మిల్లు కాపలాదారు గారిని కూడా అక్కడికే పిలుస్తున్నాను. గోడ మీద మట్టి చార చెరిపేయవద్దని మిల్లు వారికి ఎవరైనా ముందే చెప్పండి, వేసవిలో సున్నం వేస్తారని విన్నాను.

---

ధవళేశ్వరం లాకులు (రాజమహేంద్రవరం) · సోమవారం ఉదయం 7:40

ఇప్పుడే ఫోను చేసి చెప్పాను. చార అలాగే ఉంది. టేపు, ఎర్ర రంగు డబ్బా నేను తెస్తాను.